జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగ్) మొదటి రౌండ్‌లో తాడేపల్లిగూడెం వచ్చింది. ఫ్లోటా, స్లైడా? (గోదావరి వాళ్ళ ఎదురుచూపులన్నీ ఇక్కడే)

లంక_పిల్లోడు | మొదటి రౌండ్ రోజు, మధ్యాహ్నం 2:50

అందరికీ నమస్కారం అండి. మాది కోనసీమ, వైనతేయ పాయ పక్కన ఒక లంక. ఇంటర్ విజయవాడ వైపు హాస్టల్లో ఉండి చదివాను, ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాను. ర్యాంకు చెప్పను, చెప్తే మా బ్యాచ్‌లో ఎవడో ఒకడు పట్టేస్తాడు. జేఈఈ మెయిన్‌లో (ఎన్ఐటీలకి చూసేది) బాగానే వచ్చింది. అడ్వాన్స్‌డ్‌లో (ఐఐటీలకి చూసేది) అంచు మీద ఉన్నాను, ఏదో ఒక ఐఐటీలో ఏదో ఒక బ్రాంచ్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు, ఆ టైపు అంచు.

పొద్దున్నుంచి సైట్‌లో తిరిగే చక్రం చూస్తూ కూర్చున్నాను. నాన్న తోటలో కొబ్బరి దింపు తీయిస్తూ పది నిమిషాలకోసారి ఫోన్, "వచ్చిందా?" అని. చివరికి తెరుచుకుంది. ఎన్ఐటీ ఆంధ్రప్రదేశ్, తాడేపల్లిగూడెం, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), హోమ్ స్టేట్ కోటా. అమ్మ వెంటనే దీపం పెట్టేసింది. నాకే ఎగరాలో ఏడవాలో తెలీలేదు.

గొడవ ఏంటంటే, ఆప్షన్లు పెట్టే రోజు మా బావ హైదరాబాద్ నుంచి ఫోన్‌లో "ఐఐటీ అని పేరున్నవన్నీ పైన పెట్టెయ్‌రా, బ్రాంచ్ సంగతి తర్వాత" అన్నాడు. నెట్ సెంటర్‌లో వెనక నలుగురు నిలబడి ఉన్నారు, కరెంటు పోయేలా ఉంది, సరే అని ఎక్కడెక్కడి సివిల్, మెటలర్జీ, కెమికల్ అన్నీ పైన కొట్టేశాను. గూడెం సీఎస్ఈ (కంప్యూటర్స్) 61వది, ఈసీఈ 64వది. ఇప్పుడు ఫ్లోట్ పెడితే పైవాటిలో ఏదైనా రావచ్చు. కానీ వస్తే ఈ ఈసీఈ పోతుంది కదా? తర్వాత నచ్చకపోతే వెనక్కి వస్తుందా? ఇంట్లో అందరూ తలో మాట. కాస్త చెప్పండి.

ఆయ్_నేనే | అదే రోజు, 3:05

ఆయ్! ముందు పూతరేకులు, తర్వాత సలహా. వరస తప్పకండి.

గూడెం_హాస్టల్ | 3:40

తమ్ముడూ కంగ్రాట్స్. నేను అక్కడే థర్డ్ ఇయర్. ముందు నీ ప్రశ్నకి జవాబు: వెనక్కి రాదు. ఫ్లోట్‌లో పైది వచ్చిన క్షణం కింది సీటు వేరే వాళ్ళకి వెళ్ళిపోతుంది.

మూడు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే ఏటా ఇదే తప్పు చేస్తారు. ఫ్రీజ్ అంటే ఇది చాలు, ఇంక నన్ను కదపొద్దు. ఫ్లోట్ అంటే నా జాబితాలో దీనికన్నా పైనున్నది ఏ కాలేజీలో వచ్చినా పంపెయ్. స్లైడ్ అంటే ఈ కాలేజీలోనే ఉంటాను, ఇక్కడే పై బ్రాంచ్ వస్తే ఇవ్వు. నీకు స్లైడ్ పెడితే సీఎస్ఈకి మాత్రమే కదులుతావు.

కాలేజీ గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. 2015లో మొదలైంది, మొదట్లో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ బిల్డింగుల్లో నడిచింది, వరంగల్ ఎన్ఐటీ వాళ్ళు చూసుకునేవాళ్ళు. ఇప్పుడు సొంత క్యాంపస్. వరంగల్ ఆర్ఈసీ అన్న పాత పేరుతో 1959 నుంచి ఉంది, దానికున్న సీనియర్లు మాకు లేరు, అది నిజం. సగం సీట్లు మన రాష్ట్రం వాళ్ళకే కాబట్టి క్లాసులో గోదావరి యాసకి కొదవుండదు. మిగతా సగం దేశమంతటి నుంచీ వస్తారు. బీహార్ రూమ్మేట్ పుణ్యమా అని నాకు హిందీ వచ్చింది, వాడికి గోంగూర అలవాటైంది.

లెక్కల_మాస్టారు_భీమవరం | సాయంత్రం 6:15

బాబూ, నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నీ సమస్య ఫ్లోటూ కాదు స్లైడూ కాదు. జాబితా నీది కాకపోవడం.

ఈ సీట్ల పంపకం వెనకున్న లెక్క 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు అమెరికా గణితజ్ఞులు చేసింది. ఆ షాప్లీకి 2012లో నోబెల్ కూడా వచ్చింది. వాళ్ళు దాన్ని కాలేజీ సీట్లకీ పెళ్ళి సంబంధాలకీ కలిపే చెప్పారు, మన వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. మధ్యవర్తి నీ తరఫున నీ జాబితాలో మొదటి ఇంటి తలుపు కొడతాడు. అక్కడ నీకంటే మంచి ర్యాంకు వాళ్ళతో సీట్లు నిండిపోతే రెండో ఇంటికి వెళ్తాడు. ఎక్కడో ఒకచోట "సరే, ఉండు" అంటారు, అయితే అది ఖాయం కాదు, నీకంటే మంచి ర్యాంకువాడు వాళ్ళ పైఇంట్లో కాదనిపించుకుని ఇక్కడికొస్తే నిన్ను లేపి అతన్ని కూర్చోబెడతారు, నువ్వు మళ్ళీ తర్వాతి ఇంటికి. ఎవరూ కదలని స్థితి వచ్చాక ఆపుతారు. చివరికి తేలేదేంటంటే, నీ ర్యాంకుకి దొరికేవాటిలో నీ జాబితాలో అన్నిటికన్నా పైనున్నది నీకొస్తుంది. అందుకే రాదేమో అనుకున్న దాన్ని పైన పెట్టడం వల్ల నష్టం ఏమీ లేదు. వచ్చినా వద్దనుకునేదాన్ని పైన పెడితేనే నష్టం. మీ బావ ఏ ఉద్దేశంతో చెప్పాడో కంప్యూటర్‌కి తెలీదు, దానికి వరస నంబరు ఒక్కటే తెలుసు.

ఇంకోటి, 2015కి ముందు ఐఐటీలకీ ఎన్ఐటీలకీ వేరువేరు కౌన్సెలింగులు ఉండేవి. ఒకే పిల్లవాడు రెండు చోట్ల సీటు పట్టుకుని కూర్చునేవాడు, చివర్లో వదిలేసేవాడు, సీటు ఖాళీగా పోయేది. ఇప్పుడు ఒకడికి ఒకటే. ప్రతి రౌండులోనూ కొందరు బిట్స్‌కనో విదేశాలకనో వేరే కోర్సుకనో తప్పుకుంటారు, ఆ ఖాళీలు పైనుంచి కిందికి, కాలవలోంచి చేనుకి నీళ్ళు దిగినట్టు దిగుతాయి. శివారు పొలానికి ఆలస్యంగా అందుతుంది. అంచు ర్యాంకంటే శివారు పొలమే.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెప్తాను. ఒక తెల్లకాగితం తీసుకుని, ఎవరినీ పక్కన కూర్చోబెట్టుకోకుండా, పైనున్న ఆ 60లో నిజంగా "ఇది వస్తే గూడెం ఈసీఈ వదిలేస్తాను" అనుకునేవి ఎన్నో టిక్కు పెట్టు.

బ్రాండే_ముఖ్యం | రాత్రి 9:10

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. ఐఐటీ ఐఐటీయే. సివిల్ అయినా, మెటలర్జీ అయినా. నేను బ్రాంచ్ ముఖ్యం అనుకుని ఒక పాత ఐఐటీలో వచ్చిన సీటు వదులుకున్నవాణ్ణి. పదేళ్ళ తర్వాత కూడా ప్రతి ఇంటర్వ్యూలో "ఎక్కడ చదివారు" అనే అడుగుతారు, "ఏం చదివారు" తర్వాత. ఈ కుర్రాడికి ఊళ్ళో ఎవరూ చెప్పనిది నేను చెప్తున్నా, ఫ్లోట్ పెట్టు.

గూడెం_హాస్టల్ | 9:25

అన్నా, పాత ఐఐటీ వేరు, కొత్తది వేరు. తిరుపతి ఐఐటీ కూడా మాలాగే 2015లో పుట్టింది. పేరు పెద్దదే, కాదనను. కానీ వీడికి సర్క్యూట్లంటే ఇష్టమో కాంక్రీటంటే ఇష్టమో ఇప్పటిదాకా ఎవరైనా అడిగారా?

లంక_పిల్లోడు | 9:50

అడగలేదన్నా. మొదటిసారి నువ్వే. చిన్నప్పుడు పాత రేడియోలు విప్పేవాణ్ణి, తిరిగి బిగించడం రాక తన్నులు తిన్నాను, అంతే నా ఎలక్ట్రానిక్స్.

పాలకొల్లు_అమ్మ | 10:30

నాన్నా, నేను నీ అమ్మ వయసుదాన్ని, మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకు. మా పెద్దవాడు రెండేళ్ళ కింద ఇదే జోసాలో ప్రతి రౌండు రోజూ పొద్దున్న అన్నం తినేవాడు కాదు. సీటు రాకపోతే "అమ్మా రాలేదు" అని నవ్వేవాడు. ఆ నవ్వే నన్ను మోసం చేసింది. ఏడిస్తే దగ్గరకు తీసుకునేదాన్ని కదా. చుట్టాలు ఫోన్ చేసి "ఏమ్మా, ఎక్కడొచ్చింది" అంటే నేనూ నవ్వుతూనే "ఇంకా చూస్తున్నారండి" అనేదాన్ని. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకరికొకరు నాటకం ఆడుకున్నాం. ఒక రాత్రి డాబా మీద ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను, రెండు గంటలు ఏమీ మాట్లాడలేదు వాడు. తెల్లారి వాడే టెలీ మానస్ అని, మనసు బాగోనప్పుడు మాట్లాడ్డానికి ప్రభుత్వం పెట్టిన నంబరుకి, 14416కి, ఫోన్ చేసుకున్నాడట, నాకు తర్వాత చెప్పాడు. తెలుగులోనే మాట్లాడారంట, డబ్బులేం లేవు, ఏ వేళలోనైనా ఎత్తుతారు. పిచ్చివాళ్ళకే అనుకునేదాన్ని నేను అలాంటివి.

ఇప్పుడు బాగున్నాడు. ఇంకా అన్నం మాత్రం సరిగ్గా తినడు, అది వేరే రోగం.

ఇది చదివే పిల్లలెవరైనా, ఆ సైటు తెరిచేటప్పుడు గదిలో ఒక్కరే ఉండకండి.

రొయ్యల_చెరువు | రెండో రోజు, ఉదయం 6:00

అందరికీ నమస్తే. ఆకివీడు వైపు చెరువులండి మాకు. పాపకి మొదటి రౌండులో ఏమీ రాలేదు, దుప్పటి కప్పుకుని పడుకుంది, లేవట్లేదు. నాకు రెండు డౌట్లు.

ఒకటి, పాప ఇంటర్ హైదరాబాద్‌లో చదివింది. మేము పుట్టి పెరిగింది ఇక్కడే, ఆధార్ ఇక్కడే, మరి గూడెం హోమ్ స్టేట్ కింద ఎందుకు రాదు?

రెండు, ఏప్రిల్‌లోనే పక్క రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు "వారంలో కట్టకపోతే సీటు పోతుంది" అంటే రొయ్యల పట్టుబడి డబ్బులు తెచ్చి లక్షన్నర కట్టేశాను. ఇప్పుడు వద్దంటే తిరిగి ఇస్తారా? అప్పట్లో రొయ్యల కౌంటు రేటు బాగుంది, ధైర్యంగా కట్టేశాను. ఇప్పుడు రేటు పడిపోయింది.

లెక్కల_మాస్టారు_భీమవరం | ఉదయం 7:10

రొయ్యల చెరువు గారూ, జోసాలో హోమ్ స్టేట్ అంటే పుట్టిన ఊరు కాదండి, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో అది. మీ అమ్మాయికి తెలంగాణ హోమ్ స్టేట్, అంటే వరంగల్ సొంతిల్లు, గూడెం పొరుగిల్లు. ఎంతమంది తల్లిదండ్రులకి హాస్టల్లో చేర్చేముందు ఈ సంగతి తెలుసంటారు? రాష్ట్రం వాళ్ళ ఈఏపీసెట్‌లో లోకల్ లెక్క వేరు, ఎక్కడెక్కడ ఎన్నేళ్ళు చదివిందో చూస్తారు, దాని కాగితాలు ఇప్పుడే సర్ది పెట్టుకోండి.

డబ్బు సంగతి. పై చదువుల్ని చూసే యూజీసీ, ఏఐసీటీఈ రూళ్ళ ప్రకారం గడువు తేదీలోపు రాసిచ్చి వదులుకుంటే 1000 రూపాయలకి మించకుండా పట్టుకుని మిగతాది తిరిగివ్వాలి. ఫోన్‌లో అడక్కండి, మెయిల్ పెట్టండి, తేదీ ఉంటుంది.

ముందు పాప దుప్పటి సంగతి చూడండి.

లంక_పిల్లోడు | రెండో రోజు, రాత్రి 8:00

మాస్టారూ, మీరన్నట్టే కాగితం మీద టిక్కులు పెట్టాను. 60లో 9. ఆ 9 నాకు ఎలాగూ రావు.

నాన్నతో ఏటిగట్టు మీద కూర్చుని మాట్లాడాను. నాన్నకి ఫ్లోట్, స్లైడ్ ఏమీ తెలీవు, "ఫీజు ఎంతరా" అన్నారు. గూడెం_హాస్టల్ అన్న మెసేజ్‌లో చెప్పిన లెక్క చెప్పాను. ఎన్ఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా పాతిక వేలు, ఇంటి ఆదాయం లక్ష నుంచి ఐదు లక్షల లోపుంటే మూడింట రెండు వంతులు మాఫీ, మాకు అందులో పడుతుంది, కాబట్టి 42 వేల దాకా, హాస్టలూ మెస్సూ వేరే. ఐఐటీలో రెండు లక్షలు, దానికీ అదే మాఫీ. నాన్న కాసేపు నీళ్ళకేసి చూసి "గూడెం అయితే శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళచ్చుగా" అన్నారు. దాంతో తేలిపోయింది. స్లైడ్ పెట్టాను, ఫీజు కట్టాను, సర్టిఫికెట్లు ఎక్కించాను.

బావకి ఇంకా చెప్పలేదు.

బ్రాండే_ముఖ్యం | 8:20

నీ ఇష్టం తమ్ముడూ. పదేళ్ళ తర్వాత కలుద్దాం.

ఆయ్_నేనే | 8:22

పదేళ్ళ తర్వాత ఇంటర్వ్యూ చేసేది వీడే అయితేనో.

లంక_పిల్లోడు | నాలుగో రోజు, ఉదయం 11:30

అర్జెంట్. వెరిఫికేషన్‌లో క్వెరీ పడింది. ఓబీసీ ఎన్‌సీఎల్ సర్టిఫికెట్ చెల్లదు అంట!! నాది మెయిన్ అప్లికేషన్ కోసం పోయిన నవంబర్లో తీసుకున్నది. ఎల్లుండి సాయంత్రం లోపు కొత్తది పెట్టాలి. చేతులు వణుకుతున్నాయి. సీటు పోతుందా?

గూడెం_హాస్టల్ | 11:38

ఊపిరి తీసుకో. సర్టిఫికెట్ ఈ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చినదై ఉండాలి, ఎందుకంటే ఎన్‌సీఎల్ అంటే నాన్-క్రీమీ లేయర్, ఆ ఆదాయం ఏటా మారుతుంది కాబట్టి. ఇది ఏటా వందమందికి జరిగేదే, క్వెరీ అంటే రద్దు కాదు, సరిచేసే అవకాశం ఇచ్చారు. ఇంకో సంగతి చూసుకో, రాష్ట్రం వాళ్ళు ఇచ్చే బీసీ-ఏ, బీ, డీ సర్టిఫికెట్ పనికిరాదు. కేంద్రం నమూనాలో ఉండాలి, పైన "భారత ప్రభుత్వ సంస్థల కోసం" అన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. ఇప్పుడే సచివాలయానికి పరిగెత్తు.

వేదిక_కాపలా (మోడరేటర్) | 11:45

లంక_పిల్లోడూ, నువ్వు పెట్టిన ఫొటోలో అప్లికేషన్ నంబరు కనిపిస్తోంది, తీసేశాను. అందరికీ కూడా చెప్తున్నా, స్క్రీన్‌షాట్లు పెట్టేముందు నంబరు మీద వేలు పెట్టి తీయండి.

రొయ్యల_చెరువు | 12:05

బాబూ మా పక్కింటి కుర్రాడికి కూడా ఇలాగే అయింది. వీఆర్వో రిపోర్టు, ఆర్ఐ, ఆ తర్వాత తహసీల్దార్ సంతకం, ఈ మూడు మెట్లూ ఎక్కాలి. ఆన్‌లైన్‌లో పెట్టేసి ఇంట్లో కూర్చోకు, మనిషి వెళ్ళి నిలబడితేనే కదులుతుంది. నాన్నని కూడా తీసుకెళ్ళు. రేషన్ కార్డు, ఆధార్, పాత సర్టిఫికెట్, నీ పదో తరగతి మెమో, అన్నిటికీ రెండేసి జిరాక్సులు.

లంక_పిల్లోడు | అయిదో రోజు, రాత్రి 7:40

వచ్చేసింది. నిన్న వీఆర్వో గారు ఎక్కడో సర్వేలో ఉంటే నాన్న బండి మీద చేలగట్ల వెంట వెళ్ళి ఆయన్ని పట్టుకున్నారు. ఇవాళ ఆఫీసులో నాలుగింటిదాకా బెంచీ మీద కూర్చున్నాం. వాన. సర్వర్ డౌన్ అన్నారు, కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. అక్కడ కంప్యూటర్ ముందున్న అక్క "ఎన్ఐటీ సీటా తమ్ముడూ" అని, ఇంటికెళ్ళే టైమైపోయినా కూర్చుని సంతకం అయ్యేదాకా చూసి ప్రింట్ ఇచ్చింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను, ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. అప్‌లోడ్ చేశాను.

లంక_పిల్లోడు | ఆరో రోజు, మధ్యాహ్నం 1:15

వెరిఫైడ్ అని వచ్చింది. ఇప్పుడు దీపం నేను పెట్టాను.

తెల్లారుజాము_3_58 | రెండో రౌండ్ రోజు, ఉదయం 10:20

ఇక్కడ అందరూ రిఫ్రెష్ కొడుతుంటే నా కథ గుర్తొచ్చింది. మాది రాజమండ్రి. నేను ఇంటర్‌లో ఉండగా ఎంఐటీకి అప్లై చేశాను, అమెరికాలోది. మా నాన్న బ్యాంకులో గుమస్తా, అందరూ నవ్వారు. కానీ అక్కడ విదేశీ పిల్లలకి కూడా డబ్బు ఉందా లేదా అన్నది చూడకుండా సెలెక్ట్ చేస్తారు, సీటిస్తే ఇంటి పరిస్థితిని బట్టి సాయం కూడా ఇస్తారు. అలా చూసే కాలేజీలు అక్కడ కూడా తక్కువే. అది చదివే ధైర్యం చేశాను.

వాళ్ళ రిజల్ట్ మార్చి 14న. 3.14, పై విలువ అన్నమాట. టైము సాయంత్రం 6:28, అది రెండు పైల విలువ, వాళ్ళ సరదా అది. మనకి లెక్కేస్తే 15వ తేదీ తెల్లవారుజామున 3:58. ఆ రోజు అమ్మ మూడింటికే లేచి కాఫీ పెట్టింది, నాన్న ఆఫీసుకి లీవు పెట్టారు, తమ్ముడు నిద్రలోనే మంచం మీంచి "వచ్చిందా" అంటున్నాడు. వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. 3:58కి పేజీ తెరిచాను. మర్యాదగా, చాలా మంచి ఇంగ్లీషులో, లేదని రాశారు. నేను చదివి కింద మళ్ళీ ఏమైనా ఉందేమో అని స్క్రోల్ చేశాను. ఏమీ లేదు. నాన్న "సరే, కాఫీ చల్లారిపోతోంది" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు ఇంతవరకూ.

పెద్దగా ఏడవలేదు, ఎందుకంటే ఏప్రిల్‌లో మెయిన్ రెండో సెషన్ ఉంది, ఏడవడానికి టైము లేదు. అది కూడా అనుకున్నంత రాలేదు లెండి. ఇప్పుడు కాకినాడ జేఎన్‌టీయూలో సెకండ్ ఇయర్. 1946లో విశాఖపట్నం పేరుతో మొదలై కాకినాడ చేరిన పాత కాలేజీ, మా మెకానిక్స్ ల్యాబ్‌లో కొన్ని మెషీన్లు నాన్న వయసువి. నాకు నచ్చింది. ఎంఐటీ వాళ్ళ పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితమే కదా, వాటినే చూసి ఇక్కడ పరీక్ష రాస్తుంటాను.

మార్చి 15 వచ్చినప్పుడల్లా మాత్రం తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది. రెండేళ్ళు దాటినా.

ఆయ్_నేనే | 10:31

అక్కా, నువ్వు రాసింది చదివి నా జోకు మింగేశాను.

రెండోసారి | రెండో రౌండ్ రోజు, 11:50

నేను లాంగ్ టర్మ్ వాణ్ణి. పోయినేడు ఈ టైముకి సీటొచ్చినా చేరకుండా మళ్ళీ రాశాను, ఈ ఏడు వచ్చిన ర్యాంకు పోయినేటికన్నా వెనక్కే. ఇది రాయడానికి నాకు వారం పట్టింది.

డ్రాప్ తీసుకుందాం అనుకునేవాళ్ళకి రూల్స్ మాత్రం చెప్తాను, సలహా చెప్పే మొహం నాకు లేదు. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్ళలో రెండుసార్లే. ఐఐటీ సీటు ఒప్పుకుని చివరి రౌండుకి ముందే విత్‌డ్రా చేసుకోకపోతే మళ్ళీ రాయనివ్వరు. ఎన్ఐటీలో చేరినవాళ్ళు రాయచ్చు, చదువుకుంటూనే. ఈ ముక్క నాకు పోయినేడు ఎవరూ చెప్పలేదు. తెలిసుంటే చేరి రాసేవాణ్ణి. ఏడాదంతా అద్దె గదిలో ఒక్కణ్ణే గోడకి అంటించిన ఫార్ములాలు చూస్తూ ఉన్నాను.

పాలకొల్లు_అమ్మ | 12:30

నాన్నా, భోజనం చేశావా?

రెండోసారి | 12:34

ఇంకా లేదండి. చేస్తాను.

లంక_పిల్లోడు | మూడో రౌండ్ రోజు

మార్పు లేదు. ఈసీఈయే.

లంక_పిల్లోడు | నాలుగో రౌండ్ రోజు, రాత్రి 11:40

నిద్ర పట్టక రాస్తున్నా. ఇవాళ రౌండు తర్వాత క్లోజింగ్ ర్యాంకులు, ఏ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో అవి, చూశాను. చూడకుండా ఉండాల్సింది. నేను పైన పెట్టిన ఒక ఐఐటీ సివిల్ ఇవాళ నా ర్యాంకు దాటి వెళ్ళి ఆగింది. అంటే ఫ్లోట్ పెట్టి ఉంటే ఇవాళ ఐఐటీ నాది. మా బ్యాచ్ వాడొకడికి, నా వెనక ర్యాంకువాడికి, వచ్చింది. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో 200 మెసేజ్‌లు, వాడి ఫొటోతో ఫ్లెక్సీ డిజైన్ కూడా తిరుగుతోంది.

బావకి చెప్పక తప్పలేదు. "చేతిలోకొచ్చిన ఐఐటీని వదిలేశావు" అన్నాడు, ఫోన్ స్పీకర్‌లో ఉంది, అమ్మ విన్నది. అమ్మ ఏమీ అనలేదు, గిన్నెలు తోముతూ ఉంది.

ఆ 9 టిక్కుల కాగితం ఇంకా పర్సులో ఉంది. అందులో ఇది లేదు. తెలుసు నాకు. తెలిసినా ఎందుకిలా ఉంది?

లెక్కల_మాస్టారు_భీమవరం | అర్ధరాత్రి 12:20

నేనూ మేలుకునే ఉన్నాను, ఈ వయసులో నిద్ర ఎలాగూ రాదు. దీనికి లెక్కల్లో జవాబు లేదు బాబూ. ఆ రోజు నువ్వు చేసినది సరైన లెక్కే, ఇవాళ నీకు నొప్పిగా ఉండడమూ నిజమే. ఒకదాన్ని పెట్టి ఇంకోదాన్ని కొట్టేయలేం.

నేను 1978లో పోస్టాఫీసు గుమస్తా ఉద్యోగం వదిలి లెక్కర్లు చెప్పడానికి వచ్చాను. తప్పు, లెక్కలు. చూశావా, వేళ్ళకి నిద్ర వస్తోంది. మా నాన్న చనిపోయేదాకా "పోస్టాఫీసైతే" అంటూనే ఉన్నారు. నేను వింటూనే ఉన్నాను.

బ్రాండే_ముఖ్యం | అర్ధరాత్రి 12:45

తమ్ముడూ, నేనే ఫ్లోట్ పెట్టమన్నది, కాబట్టి ఇప్పుడు నేను మాట్లాడకూడదేమో. నేను బ్రాంచ్ ఎంచుకుని బ్రాండ్ పోయిందని ఏడ్చాను. మా రూమ్మేట్ బ్రాండ్ ఎంచుకుని నాలుగేళ్ళు సర్వేయింగ్ క్లాసులో నిద్రపోయాడు, వాడూ ఏడ్చాడు. ఆ గ్రూపు వారం పాటు మ్యూట్‌లో పెట్టు. వాడికి కంగ్రాట్స్ చెప్పి పెట్టు, లేకపోతే కుళ్ళనుకుంటారు.

లంక_పిల్లోడు | 12:52

చెప్పాను. నిజంగానే చెప్పాను, మంచోడు వాడు.

ఆయ్_నేనే | ఉదయం 6:40

ఫ్లెక్సీ సంగతి నాకొదిలెయ్. నీకు అరటితోటలో ఒకటి కట్టిస్తా, "గూడెం ఉల్లిపాయల మార్కెట్‌కి మా లంక కానుక" అని.

రొయ్యల_చెరువు | చివరి రౌండ్ తర్వాత, సాయంత్రం

పాపకి జోసాలో చివరిదాకా ఏమీ రాలేదండి. సీఎస్ఏబీ స్పెషల్ రౌండ్లు ఉన్నాయి అంటున్నారు, మిగిలిన ఎన్ఐటీ సీట్లకి, అందులో పెడతాం. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల కోసం కూడా చూస్తున్నాం. ప్రైవేటు వాళ్ళకి మాస్టారు చెప్పినట్టు మెయిల్ పెట్టాను, "పరిశీలిస్తున్నాం" అని జవాబు వచ్చింది, ఇంకా పడలేదు డబ్బు. పాప దుప్పటి తీసింది. నిన్న నాతో చెరువు గట్టుకొచ్చి మేత చల్లింది. ఏరియేటర్ మోటారుకి ఎంత కరెంటు కాలుతుంది, సోలార్ పెడితే ఎన్నాళ్ళకి డబ్బులొస్తాయి అని లెక్కలడిగింది. నాకు తెలీదన్నాను.

లంక_పిల్లోడు | చివరి రౌండ్ తర్వాత, రాత్రి

నాది ఈసీఈతోనే ఆగిపోయింది, సీఎస్ఈకి జరగలేదు. పర్లేదు. రిపోర్ట్ చేయడానికి వచ్చే వారం వెళ్ళాలి. ఇక్కడ ఎర్రనీరు వచ్చేసింది, కాజ్‌వే మీదకి ఎక్కుతోంది, పెరిగితే పెట్టె పడవలో దాటించాలి. అక్కడి నుంచి రావులపాలెం, తణుకు మీదుగా బస్సు.

గూడెం అన్నా, బకెట్ అక్కడ కొనుక్కోవచ్చా, ఇక్కణ్ణుంచే తేవాలా?

గూడెం_హాస్టల్ | రాత్రి 9:15

బకెట్, మగ్గు, పరుపు అన్నీ ఊళ్ళో దొరుకుతాయి, మోసుకురాకు. దోమతెర మాత్రం తెచ్చుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెట్టెలో కాకుండా ఒంటి మీద ఉంచుకో, పడవంటున్నావు కదా. ఆ ఏప్రిల్ తర్వాతి సర్టిఫికెట్ నాలుగు జిరాక్సులు. బస్సు తణుకు దాటాక మెసేజ్ పెట్టు, వస్తాను.

పాలకొల్లు_అమ్మ | 9:40

ఆవకాయ సీసా మూత మీద గుడ్డ కట్టమను అమ్మని. బస్సులో కారుతుంది.